సగం కొయ్త

పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. పన్నెండు మంది మగవాళ్లు. ఒక్కొక్కరి కళ్ల మీద ఇటుకంత నల్ల డబ్బా, దాని వెనక జడలా వేలాడే వైరు. కామారెడ్డిలో పెళ్లిళ్లు జరగడం మానేసిన ఓ పాత ఫంక్షన్ హాలు పై అంతస్తు అది. మిట్టమధ్యాహ్నం పూట కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి ఉన్నాయి.

తలుపు సందులోంచి చూస్తున్న చాందికి మూడో కుర్చీలో మొగుడు కనిపించాడు. ప్రేమ్‌సింగ్ నవ్వుతున్నాడు. పదహారేళ్ల కాపురంలో ఆ నవ్వు ఆమె రెండే రెండుసార్లు చూసింది. పెళ్లినాడు ఒకసారి, అంజలి పుట్టిననాడు ఒకసారి. ఇప్పుడు అతని ఎదురుగా ఉన్నది సున్నం రాలిన గోడ.

"అంజలి బాపుకు ఏమైంది సారూ?" అని గట్టిగానే అడిగింది.

"ఏం కాలేదక్కా," అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. "సముద్రంల ఉన్నడు."

"కామారెడ్డిల సముద్రం ఏడికెల్లి వచ్చింది?"

"డబ్బాల ఉన్నది. అలలు కాళ్లకు తాకుతున్నయని నవ్వుతుండు. తాకయి. గని ఆయనకు గట్లనే అనిపిస్తది."

ఆ కుర్రాడి పేరు శ్రావణ్. కామారెడ్డి దగ్గరి రాజంపేట వాడు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి అక్కడే ఓ చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ వాళ్లకు ఒక ప్రశ్న పుట్టింది. మనిషి కోరిందల్లా, కోరినంతసేపు కళ్లముందు పెడితే కడుపు నిండినట్టు కూర్చుంటాడా, విసుగెత్తి లేచిపోతాడా? జవాబు మీదే వాళ్ల వ్యాపారం నిలబడి ఉంది. పట్నం వాళ్లు వీడియో గేములకు అలవాటుపడ్డారు, పనికిరారు. కంప్యూటర్ ముట్టని మనుషులు కావాలి. రోజుకు ఎనిమిది గంటలు, అరవై రోజులు. పొలం పనికంటే మంచి కూలి.

2014 ఆగస్టు మొదటి వారం అది. వాన మొహం చాటేసిన ఏడు. ఎల్లారెడ్డి అవతలి తండాలో పని లేక గోళ్లు గిల్లుకుంటున్న ప్రేమ్‌సింగ్‌ను శ్రావణ్ బండి మీద ఎక్కించుకుని తెచ్చాడు.

"అరవై దినాలంటే దసరా లోపట ఒడుస్తది గదా?" చాంది అంత దూరం బస్సెక్కి వచ్చింది ఈ ఒక్క మాట అడగడానికే.

"ఒడుస్తదక్కా. సెప్టెంబర్ ఆఖరుకు ఇంట్ల ఉంటడు."

"ఉండాలె. లేకుంటే మా కొయ్త సగమైతది."

శ్రావణ్ తల ఊపాడు. ఆ మాట అతనికి అర్థం కాలేదని చాందికి తెలుసు. విడమర్చి చెబుతూ కూర్చుంటే ఎల్లారెడ్డి బస్సు పోతుంది.

కొయ్త అంటే చెరకు నరికే కత్తి. కానీ ప్రతి ఏడూ సరిహద్దు దాటి మరాఠీ ఊళ్లకు చెరకు నరకబోయే తండాల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. మొగుడూ పెళ్లాం జంటను కొయ్త అంటారు. మొగుడు ముందు నరుకుతూ పోతాడు. పెళ్లాం వెనక ఆకు దులిపి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోస్తుంది. కూలీల జట్టును తీసుకుపోయే ముకద్దం మనుషులను లెక్కపెట్టడు, కొయ్తలను లెక్కపెడతాడు. ఒంటరి మనిషి సగం కొయ్త. సగాన్ని అతను లారీ ఎక్కించుకోడు. ఎక్కాలంటే రెండో సగం ఇంట్లోంచే రావాలి.

చాంది ఇంట్లో మిగిలింది ఒక్క అంజలి. పద్నాలుగేళ్ల పిల్ల. ఎల్లారెడ్డిలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. చాంది తన పన్నెండో ఏట తల్లి వెనక మోపులు మోయడం మొదలుపెట్టింది. ఇప్పుడామె మెడ కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. నిటారుగా పెట్టుకోమంటే నొప్పి. కూతురి మెడ మాత్రం నిటారుగానే ఉండాలని ఆమె పట్టుదల. ఇంకే పట్టుదలా ఆమెకు లేదు.

ప్రేమ్‌సింగ్ ప్రతి ఆదివారం తండాకు వచ్చేవాడు. మొదటి ఆదివారం వాకిట్లో జనం మూగారు.

"విమానం నడిపిన," అన్నాడు. "మంచు మీద జారిన. ఏనుగు మీద కూసుంటే కింద వెయ్యి మంది దండం పెట్టిండ్రు."

"తినుడు సంగతేంది?" అడిగాడు పక్కింటి ముసలాయన.

"జిలేబీలు గుట్ట లెక్క పోసిండ్రు. కనవడతయి. నోట్లకు రావు."

"మరేం లాభంరా?"

"నీ నోట్ల పన్ను లేదు, నీకు అసలు జిలేబీ పెట్టినా గంతే గదా!"

అందరూ పడీ పడీ నవ్వారు. చాంది కూడా నవ్వింది.

రెండో ఆదివారం ఆమె చేసిన జొన్నరొట్టెను తుంచి, చూసి, పక్కన పెట్టాడు. ఇల్లు ఇంత ఇరుకా అన్నాడు. మూడో ఆదివారం చాందే అడగాల్సి వచ్చింది.

"ఈ వారం ఏం జూసినవ్?"

"అన్ని."

"అన్ని అంటే?"

"అన్ని అంటే అన్ని చాందీ! ఏం గావాలె, ఏం గావాలె అని శ్రావణ్ సారు అడుగుతనే ఉంటడు. నాకేమో యాదికి వస్తలేదు. నిన్న చంద్రుని మీద నిలవెట్టిండు. ఆవలింత వచ్చింది."

చాందికి లోలోపల సంతోషం వేసింది. విసుగు పుట్టిందంటే మొగుడు ఇంటి దారిలో ఉన్నట్టే.

అతనొక్కడే కాదు. హాల్లో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ముందుగా లేచినవాడు గంగారాం పటేల్. రాజంపేటలో భూమి ఉన్న రైతు, శ్రావణ్‌కు చిన్నాయన వరస, పిల్లవాడి మాట కాదనలేక కూర్చున్నాడు. ఆయన కోరింది ఒకటే. నిండిన చెరువు, దాని కింద పచ్చటి వరి. ఇరవై రోజులు అదే చూశాడు. ఇరవై ఒకటో రోజు డబ్బా తీసి శ్రావణ్ చేతిలో పెట్టాడు.

"ఏం తక్కువైందే చిన్నాయనా అంటే పటేల్ ఏమన్నడో ఎర్కేనా?" ప్రేమ్‌సింగ్ ఆ వారం చెప్పిన కబురు అదొక్కటే. "గా చెర్ల నీళ్లు దిగయి బిడ్డా అన్నడు. దిగకపోతే నేను పొద్దున లేసి కట్ట మీదికి ఎందుకు పోవాలె? పోకపోతే ఎందుకు లేవాలె? గిట్లన్నడు. పోయి ఎండిన బోరు కాడనే కూసున్నడట."

"మరి నువ్వు గూడ లేసి రారాదు?"

"చూస్త," అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఐదో ఆదివారం వచ్చినప్పుడు అతని కళ్లు మెరుస్తున్నాయి. చెప్పులు కూడా విప్పకుండా పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"చెరకు అడిగిన!"

"ఏంది?"

"చెరకు తోట. నరుకుడు. చేతుల కొయ్త. శ్రావణ్ సారు ఒకటే నవ్వుడు. ఏమన్న అడుగు అంటే కైకిలి పని అడుగుతవేందన్నా అన్నడు. గని చేసి పెట్టిండు."

చాంది చేతిలో అట్లకాడ ఆగిపోయింది. రొట్టె పెనం మీదే మాడుతోంది.

"ఈడ పని లేక సస్తున్నం. నువ్వు గాడికి పోయి పని ఆట ఆడుతున్నవా?"

"మస్తుగున్నది చాందీ. ఒక్క ఏటుకు ఐదారు గడలు పడతయి. ఎండ కొడ్తది, చెమట రాదు. చెయ్యి నొయ్యది. గని..." అతను ఆగాడు. "ఎన్కకు మర్లి చూస్తే ఎవ్వలు లేరు. నరికిన చెరకు నరికినట్టే పడున్నది. సగం కొయ్త లెక్క నిలవడ్డ."

చాందికి ఒళ్లు మండింది. సగం కొయ్త అనేది తండాలో తిట్టు. పెళ్లాం లేచిపోయినవాణ్ని, పెళ్లాం దక్కనివాణ్ని అంటారు. ఆమె బతికి ఉండగా, ఎదురుగా కూర్చుని రొట్టె చేస్తుండగా, తన మొగుడు తనను తాను ఆ మాట అనుకున్నాడు.

మూడు రోజుల తర్వాత శ్రావణ్ రెండు కెమెరాలు, ఒక ల్యాప్‌టాప్ వేసుకుని తండాకే వచ్చాడు. ఆ సమయానికి అంజలి సెలవుకు ఇంట్లో ఉంది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ తెర మీదికి వంగారు. బొమ్మ తోటలో ప్రేమ్‌సింగ్ చేతులు నరుకుతూ పోతున్నాయి. వెనక చెరకు చెల్లాచెదురుగా పడి ఉంది. ఎవరూ ముట్టడం లేదు.

"ఇది తప్పు తమ్మీ," అంది చాంది. చూడలేక పక్కకు తిరిగింది. "చెరకు గట్ల పారేస్తరా? ఎండుతది. తూకం పోతది."

"మాకు తెల్వలేదక్కా. నరికేటోడు ఒక్కడే అనుకున్నం. నువ్వు కట్టుడు, మోసుడు చూపిస్తే నీ లెక్కనే ఒక మనిషిని డబ్బాల పెడ్త."

"పెడితే ఆయన జల్ది ఇంటికొస్తడా?"

"పని పూరా అయితే మనసు నిండుతది గదా అక్కా. వస్తడు."

శ్రావణ్ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. చాంది కూడా అనుకుంది. కొయ్త పూర్తయితే మనిషి కుదుటపడతాడు. ఆమె పుట్టి పెరిగిన లోకంలో అది రోజూ కళ్లతో చూసే సంగతి.

తండా చుట్టుపక్కల చెరకు లేదు. వాన లేక కంకి పట్టని మక్క చేను ఉంది. శ్రావణ్ మక్క సొప్పనే, ఆ ఎండు మొక్కజొన్న కాడలనే కోయించి కుప్ప వేయించాడు. చాందికి నీలం చీర మీద నల్లటి చొక్కా తొడిగి, కదలికలు కెమెరాకు అందేలా మోచేతులకూ మోకాళ్లకూ తెల్ల బంతులు అంటించాడు. ఆమె వంగింది, దులిపింది, కట్టింది. చెరకు మోపు అయితే నలభై కిలోలు. లేపేటప్పుడు కడుపులోంచి ఒక మూలుగు రావాలి. ఎండిన సొప్ప మోపు ఒంటి చేత్తో లేచింది.

"అవ్వా, సినిమల చేరినవా?" అంజలి పకపకా నవ్వింది.

"నవ్వకే! బంతులు ఊడితే మళ్ల మొదటికెల్లి చేయమంటడు."

"అక్కా, జర నువ్వు గూడ నవ్వు. మొఖానికి," అన్నాడు శ్రావణ్.

"మోపు మోసుకుంట ఎవలన్న నవ్వుతరా తమ్మీ?"

"ఒక్కసారి. మంచిగుంటది."

కూతుర్ని చూసి నవ్వింది చాంది. కెమెరా ఆ నవ్వు పట్టుకుంది.

"నేను గూడ ఉంటనా సార్ దాంట్ల?" అంజలి అడిగింది.

"మీ బాపు అడిగితే పెడ్త. ఏది అడిగినా పెడ్త."

తర్వాతి ఆదివారం ప్రేమ్‌సింగ్ రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. అరవై రోజులు అయిపోయాయి. దసరా ఇంకో రెండు రోజులుందనగా చాంది మళ్లీ కామారెడ్డి బస్సెక్కింది.

హాల్లో పదకొండు కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి మూలకు పెట్టి ఉన్నాయి. పన్నెండో దానిలో ప్రేమ్‌సింగ్ ఉన్నాడు. గడ్డం పెరిగింది. కుడిచెయ్యి గాల్లో లేస్తోంది, పడుతోంది.

"అందరు పోయిండ్రక్కా," శ్రావణ్ లేచి నిలబడ్డాడు. "కూలి గూడ బందైంది. పొమ్మన్న. నేను పోను, బువ్వ పెట్టు చాలు అన్నడు."

"నువ్వు కరెంటు బందు పెట్టలేవా?"

శ్రావణ్ ఆమె మొహంలోకి చూడలేదు. "హైదరాబాదుకెల్లి పెద్దసార్లు వచ్చి చూసిండ్రు. ఒక్క మనిషన్న విసుగు రాకుండ కూసున్నడని మస్తు ఖుషీ అయిండ్రు. ఇంకో నెల చూడమన్నరు. ఈయన లేస్తే కంపెనీ ఉండదక్కా."

చాంది నేరుగా వెళ్లి డబ్బా లాగేసింది. ప్రేమ్‌సింగ్ కళ్లు చికిలించాడు. కళ్ల చుట్టూ డబ్బా అంచు నొక్కిన ఎర్రటి గీత.

"ఆగు ఆగు, ఇప్పుడే మోపు ఎత్తింది!"

"ఎవలు?"

"నువ్వే."

"నేను ఈడ నిలవడ్డ! లే, ఇంటికి పోదాం. ఎల్లుండి పండుగ. ముకద్దం కొయ్తలు రాసుకుంటడు."

"ఒక్కసారి పెట్టుకొని చూడు చాందీ. చూసినంక మాట్లాడు."

పెట్టుకుంది. లోపల తోట. ఎంత దూరం చూసినా పచ్చటి చెరకు. ఆ చెరకులోంచి ఒక మనిషి వస్తోంది. తన నీలం చీర. తన నడక. కానీ మెడ నిటారుగా ఉంది. మొహాన చెమట లేదు. వంగింది, కట్టింది, ఒంటి చేత్తో మోపు లేపి నెత్తిన పెట్టుకుంది. నవ్వుతూ వెళ్లిపోయింది. వచ్చింది. మళ్లీ నవ్వుతూ వెళ్లింది. "ఏయ్!" అని పిలిచింది చాంది. ఆ మనిషి వినలేదు. తనలోంచే నడిచి లారీ వైపు సాగిపోయింది.

అంజలిని చూసి నవ్విన నవ్వు అది. సొప్ప మోపు లేపిన చెయ్యి అది. తన చేతులతో తనే ఇచ్చింది.

డబ్బా తీసి ప్రేమ్‌సింగ్ ఒళ్లో పడేసింది. "గామె మోసేది చెరకు గాదు. మక్క సొప్ప."

"ఏదైతే ఏంది? గామె అలవది. సణగది. నడుము నొస్తున్నదని పొద్దుగూక ఏడ్వది."

"నాకు నొస్తది కాబట్టే ఏడుస్త! నువ్వు రాకుంటే అంజలిని తీస్కపోవాలె. ఎర్కేనా నీకు? తొమ్మిదో తరగతి పిల్లను!"

ఆ మాటకు అతను ఒక్క క్షణం కదిలినట్టే కనిపించాడు. లేవబోయాడు కూడా. అంతలో చూపు డబ్బా మీద పడింది.

"పది దినాలు. పదే దినాలు చాందీ. లారీ నిండంగనే వస్త."

"ఏ లారీ?"

 డబ్బా అతని మొహం మీదికి చేరిపోయింది. చెయ్యి లేచింది.

దసరానాడు ముకద్దం జైరాం తన వాకిట్లో కొత్త కొయ్తలు పరిచాడు. ఏటా జరిగేదే. జంటను పిలుస్తాడు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ పిడి మీద చెయ్యి వేస్తారు, ఆ జంట పేరు లారీకి ఎక్కుతుంది. చాంది పేరు వచ్చేసరికి ఆమె ఒక్కతే వచ్చి నిలబడింది.

"నీ మొగడు ఏడి చెల్లె?"

"వస్తడు. పది దినాలైతది."

"ఎల్లుండి లారీ. సగం కొయ్తను తీస్కపోయి నేనేం జేస్త? నీ ముందల నరికేటోడెవడు?" జైరాం చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించాడు. "పిల్ల ఉన్నది గదా."

"సదువుకుంటున్నదన్నా."

"తెల్సు. నెల దినాలు తీస్కరా. వాడు వచ్చిననాడు పిల్లను లారీల ఎన్కకు పంపుదాం. నెల దాటకుంటే హాస్టల్ల పేరు పోదు."

వద్దు అనే వీలు ఉంటే చాంది అనేది. మొగుడి అరవై రోజుల కూలి బియ్యానికీ, చారెడు చేనులో రెండోసారి వేసిన విత్తనానికీ సరిపోయింది. ఆ విత్తనమూ మొలవలేదు. లారీ ఎక్కకపోతే పొయ్యి వెలగదు.

దసరా సెలవులకు వచ్చిన అంజలి తనే ముందుకు వచ్చి పిడి మీద చెయ్యి వేసింది. పరీక్ష రాసిన ఇంకు మరక వేలి మీద ఇంకా పోలేదు.

బిచ్కుంద దాటి, సరిహద్దు దాటి లారీ వాళ్లను దింపింది. చాంది కత్తి కూతురికి ఇచ్చి మోపులు తను తీసుకుంది. చేతులు బొబ్బలెక్కితే మానుతాయి, మెడ ఒరిగితే ఒరిగినట్టే. మొదటి వారం అంజలి రాత్రుళ్లు చేతులు గుడ్డలో చుట్టుకుని పడుకుంది. రెండో వారానికి గుడ్డ అక్కర్లేకపోయింది. మూడో వారానికి పాటలు పాడటం మానేసింది. పుస్తకాల సంచీ గుడిసెలో కర్రకు వేలాడుతూనే ఉంది. చాంది రోజులు లెక్కపెడుతూనే ఉంది.

ఇరవై ఏడో రోజు పొద్దున, చెరకు లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చి ప్రేమ్‌సింగ్ దిగాడు.

చాంది నెత్తి మీద మోపు దించలేదు. అలాగే నిలబడి అడిగింది. "పది దినాలంటివి."

"లారీ నిండుతలేదని సారుకు చెప్పిన. నిండేటట్టు చేసిండు. నిండినంక ఇంకోటి వచ్చింది. అది గూడ నిండింది, ఇంకోటి. తోట ఒడవది చాందీ. ఎంత నరికినా గంతనే ఉంటది. చాలు, ఇగ ఇంటికి పోదాం అనేటోడు లేడు. మొన్న పొద్దున డబ్బా పెట్టుకోంగనే విసుగు పుట్టింది. తీసేసిన. గంతే."

"మొన్ననా?"

"మొన్ననే. సార్లు కోపానికొచ్చిండ్రు. డబ్బాలు సదురుకొని హైదరాబాదు పోయిండ్రు. పాపం శ్రావణ్ సారు కొలువు గూడ పోయింది."

"విసుగు పుట్టనీకి నీకు గిన్ని దినాలు పట్టిందా?" అంది చాంది.  నెత్తి మీది మోపుతోనే లారీ వైపు నడిచింది.

వార్త విని జైరాం వచ్చాడు. ప్రేమ్‌సింగ్ అరచేతులు పట్టుకుని చూశాడు. మెత్తగా, తెల్లగా ఉన్నాయి.

"రేపు పొద్దుగాల లారీ ఎల్లారెడ్డి దిక్కు పోతది," అన్నాడు చాందితో. "పిల్ల దాంట్ల పోవాల్నంటే ఈ ఒక్క దినం వీడు పిల్ల నరికినంత నరకాలె. ఎక్కువ అడుగుతలేను. నరికితే కొయ్త మళ్ల వీనిది."

అంజలి గుడిసెలోకి పరిగెత్తి పుస్తకాల సంచీ తెచ్చి గట్టు మీద పెట్టింది. కత్తి తండ్రి చేతికిచ్చింది. ఇరవై ఏడు రోజుల తర్వాత ఆ పిల్ల మొహం మళ్లీ పిల్ల మొహంలా కనిపించింది.

ప్రేమ్‌సింగ్ కత్తి లేపి కొట్టాడు. ఒక్క గడ వంగింది, పడలేదు. అతను ఆగి చూశాడు, మిగతా ఐదూ పడతాయేమో అన్నట్టు. మళ్లీ కొట్టాడు. పడింది. పదిహేనేళ్లు నరికిన మనిషి, లయ అందుకోవడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకుంది చాంది. వెనక వంగి ఆకు దులపసాగింది.

ఇంతలో తోట యజమాని గట్టు మీద నుంచి మరాఠీలో కేకలు వేశాడు. "ఖాలూన్ కాప్ రే! ఖాలూన్!" కింద నుంచి నరకరా అని. చాంది తలెత్తి చూసింది. ప్రేమ్‌సింగ్ నరికిన వరుసంతా నేలకు జానెడు పైన మొద్దులు లేచి ఉన్నాయి. చెరకులో తీపి అంతా మొదట్లోనే ఉంటుంది. మొద్దు వదిలితే రైతుకు నష్టం, జట్టుకు చెడ్డపేరు. పదేళ్ల పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. డబ్బాలో తోటకు మాత్రం మొదలూ చివరా ఒకటే. నడుము వంచకపోయినా చెరకు పడింది. దాదాపు రెండు నెలల పాటు ప్రేమ్‌సింగ్ నడుము వంచలేదు.

వంచాడు. పది గడలకే లేచి నడుము పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి రాకముందే బొబ్బలు చిట్లి పిడి తడిసింది. పక్కనే అంజలి నిన్న నరికిన వరుస ఎంత దూరం పోయిందో, ఇతని వరుస ఎంత ఉందో అందరికీ కనిపిస్తోంది.

"బాపూ, జర వంగి కొట్టు. ఒక్క దినమే," అంది అంజలి మెల్లగా.

అతను వెనక్కి తిరిగి చూశాడు. చాంది మోపు లేపుతోంది. మోకాలు నేలకు ఆన్చి, పళ్లు బిగించి, మూలుగుతూ లేపి, ఒరిగిన మెడ మీద సరిపెట్టుకుంది. చెమట కంట్లోకి కారుతోంది. తల తిప్పేసరికి మొగుడి చూపు ఎదురైంది. జొన్నరొట్టెను తుంచి పక్కన పెట్టిననాటి చూపు.

చాంది మోపు మోసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి ప్రేమ్‌సింగ్ గట్టు మీద, పుస్తకాల సంచీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఇంకెంత ఉన్నది?" అని అడుగుతున్నాడు ఎవరినో.

జైరాం వరుస పొడుగునా నడిచి మొద్దులు చూసుకుంటూ వచ్చాడు. చాంది దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపాడు.

"వీడు మోపులు మొయ్యనీ, నేను నరుకుత," అంది చాంది. "పిల్లను పంపన్నా. నీ కాళ్లు మొక్కుత."

"వీడు మోస్తడా చెల్లె? వాణ్నే అడుగు."

చాంది అడగలేదు. అడగాల్సిన వాడు అరచేతుల్లోకి ఊదుకుంటున్నాడు.

అంజలి సంచీ తీసుకుంది. ఎవరూ చెప్పకుండానే గుడిసెలోకి వెళ్లి, కర్రకు తగిలించి వచ్చింది. తండ్రి ముందు నిలబడి చెయ్యి చాచింది. అతను కత్తి ఇచ్చాడు.

"బాపూ, గా డబ్బాల ఏది అడిగినా పెడ్తరు గదా?"

"పెడ్తరు."

"నన్ను అడిగినవా?"

ప్రేమ్‌సింగ్ కూతురి వైపు చూశాడు. తర్వాత చెరకు వైపు చూశాడు.

"యాదికి రాలే బిడ్డా," అన్నాడు.

అంజలి పిడికి అంటిన తడిని లంగా అంచుతో తుడిచింది. తండ్రి వదిలేసిన వరుస మొదటికి వెళ్లి, జానెడు జానెడు లేచి ఉన్న మొద్దులను నేలకు ఆన్చి కొట్టుకుంటూ రావడం మొదలుపెట్టింది. చాంది ఆమె వెనక వంగి ఆకు దులిపింది.